ప్రార్థన కోసం కొన్న ఇయర్‌బడ్స్, రెండు నెలలు వాడాక

ముందే చెప్పేస్తాను, వీటిని నేను పాటల కోసం కొనలేదు. కడప ఏడురోడ్ల దగ్గర నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది, ఇల్లు దాని వెనక సందులోనే, కాబట్టి లేచిన దగ్గర్నుంచి రాత్రి షట్టర్ దించేదాకా చప్పుళ్ల మధ్యనే బతుకు. తెల్లారకముందే అజాన్, ఆ వెంటనే గుడి మైకులో సుప్రభాతం, ఆదివారమైతే మా చర్చి మైకు కూడా ఏమీ తక్కువ తినలేదు. తర్వాత చెత్త బండి పాట. ఇవన్నీ అయ్యాక కూలర్. కడపలో మే నెలలో కూలర్ ఆపి ప్రార్థన చేసుకోమనేంత మొనగాడు మా వీధిలో లేడు.

ఆ మధ్య చర్చిలో ఆదివారం ప్రసంగంలో ఏలీయా ప్రవక్త గురించి చెప్పారు, బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయం. హోరేబు కొండ మీద పెనుగాలి వస్తుంది, అందులో దేవుడు లేడు, భూకంపంలో లేడు, అగ్నిలోనూ లేడు, అన్నీ అయిపోయాక ఒక మెల్లని స్వరం వినపడుతుంది. నాకు అర్థమైంది ఏంటంటే చప్పుడు ఆగితే తప్ప ఆ స్వరం వినపడదని. ఇంటికొచ్చి, తిన్న బిర్యానీ అరగకముందే నాయిస్ క్యాన్సిలేషన్ ఇయర్‌బడ్స్ ఆర్డర్ పెట్టేశాను. 2,799 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ ధరలో దొరికేవి దాదాపు అన్నీ ఒకే తీరు.

వస్తువు సంగతికొస్తే, బయటున్న చిన్న మైకు చప్పుడును పట్టుకుంటుంది, లోపలి చిప్పు దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే అలను తయారుచేసి చెవిలోకి వదులుతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకే తీరుగా సాగే బొంగురు మోతల మీద ఇది బాగా పనిచేస్తుంది, అంటే కూలర్, ఫ్యాన్, బస్సు ఇంజను లాంటివి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కరెంటు పోయిందేమోనని తలెత్తి కూలర్ వైపు చూశాను, నిజం. కానీ కుక్కర్ విజిల్, పక్కింటి పిల్లాడి ఏడుపు లాంటి కీచు శబ్దాలకు చిప్పు చేయగలిగింది తక్కువ, అక్కడ కాస్తో కూస్తో ఆదుకునేది చెవిని మూసే రబ్బరు బుడిపే. డబ్బాలో మూడు సైజులు ఇస్తారు. వచ్చినదాంతోనే లాగించేసి పనిచేయట్లేదని తిట్టుకోకుండా మూడూ మార్చి చూడండి. బ్యాటరీ 6 గంటలని డబ్బా మీద ఉంది, నాయిస్ క్యాన్సిలేషన్ వేస్తే నాకు నాలుగున్నరే వచ్చింది.

ఇక ప్రార్థన. పొద్దున్నే మిద్దె మీదికి పోయి, రెండు చెవులకూ బిగించి, కళ్లు మూసుకుని కూర్చునేవాణ్ణి. బయట చప్పుడు తగ్గింది, బాగుంది. కానీ టోనర్ అయిపోవచ్చింది, చీటీ డబ్బులు కట్టాలి, పెద్దోడి ఫీజు రెండో టర్ము ఇంకా బాకీ, ఇంతకుముందు కూలర్ మోతలో కొట్టుకుపోయేవన్నీ ఇప్పుడు హాజరు పలికినట్టు ఒక్కొక్కటే వినపడ్డాయి. మెల్లని స్వరం మాత్రం లేదు.

పదో రోజో పదకొండో రోజో, అట్లా కూర్చునుంటే భుజం మీద చెయ్యి పడింది. మా అమ్మ. మోకాళ్ల నొప్పులతో అన్ని మెట్లెక్కి వచ్చింది. కింద నుంచి నాలుగుసార్లు పిలిచిందట, కుళాయి నీళ్లొచ్చి పోతున్నాయి, బిందెలు పెట్టేవాళ్లు లేరు. రొప్పుతూ నిలబడి, "ఏం నాయనా, ఈడేం చేస్తాండావ్?" అంది.

నీళ్లు పడుతుంటే గుర్తొచ్చింది, ఏలీయాను దేవుడు అడిగింది కూడా ఇదే కదా. రాత్రి ఆ అధ్యాయం మళ్లీ చదివాను. ఆ కొండ మీద ఏలీయా తలదాచుకున్న గుహలోనే ఉండమని దేవుడు అన్నట్టు ఎక్కడా లేదు. వచ్చిన దారినే తిరిగి దమస్కు వైపు పొమ్మని, పైగా పనులు అప్పజెప్పి పంపించాడు. ప్రసంగంలో ఈ ముక్క చెప్పారో లేదో, నేను బిర్యానీ ధ్యాసలో ఉన్నానేమో.

అప్పట్నుంచి వీటిని షాపులోనే వాడుతున్నాను, బయటి చప్పుడు లోపలికి వదిలే ట్రాన్స్‌పరెన్సీ మోడ్‌లో, అదీ ఒక్క చెవికే. తక్కువ సౌండులో తెలుగు ఆడియో బైబిల్, కీర్తనలు. ఈ మోడ్ మాత్రం డబ్బులకు తగ్గట్టు ఉంది, కస్టమర్ మాట స్పష్టంగా వినపడుతుంది. ఆధార్ కార్డు అద్దం మీద పెట్టేటప్పుడు పేరు కనపడుతుంది కదా, కాగితం బయటికొచ్చేలోపు ఆ మనిషి కోసం ఒక్క మాట అనుకుంటాను. పింఛను కాగితమైతే పింఛను గురించి, అడంగల్ అయితే పొలం గురించి. అంతే, మూడు సెకన్లు. రద్దీలో మర్చిపోతాను, చిల్లర దగ్గర ఎవరైనా గొడవ పెట్టుకుంటే నోట్లోకి ప్రార్థన కాదు, ఇంకోటి వస్తుంది. మిద్దె మీద అరగంటలో దొరకనిది ఇక్కడ దొరుకుతోందా అంటే, కొన్నిసార్లు దొరుకుతోంది, మిషను గరగరల మధ్యనే.

మొన్న బుర్కా వేసుకున్న ఒకామె ఆస్పత్రి రిపోర్టులు ఇరవై పేజీలు ఇచ్చింది. ఇరవై పేజీలంటే చాలా సమయం కదా, కాస్త గట్టిగానే గొణిగానేమో, "ఏందన్నా, ఏందో అంటాండావ్?" అని అడిగింది. చెప్పాను. కోప్పడుతుందేమో అనుకున్నాను. కాసేపు కౌంటర్ దగ్గరే నిలబడి, "రిపోర్టులో మా ఆయన పేరు తప్పు పడిందన్నా" అని, అసలు పేరు చెప్పి పోయింది.

5కి 3 స్టార్లు. బ్యాటరీకి ఒకటి తగ్గించాను, చెమట పడితే కుడి చెవిది జారిపోతోంది, దానికి ఇంకొకటి. అమ్మను మెట్లెక్కించినందుకు తగ్గించాల్సింది నాకు, వాటికి కాదు.