పాత ప్రెసిషన్ బేస్, ట్యూబ్ ఆంప్: ఏళ్ల వాడకం తర్వాత

చాలా ఏళ్లుగా నేను వాయిస్తున్నది ఒక పాత ఫెండర్ ప్రెసిషన్ బేస్ గిటార్, దానికి జతగా ఒక చిన్న ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే యాంప్లిఫయర్). రెండూ సెకండ్ హ్యాండే. స్క్రూడ్రైవర్, సాల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం ఇష్టమున్నవాళ్లకు ఈ జతను కళ్లు మూసుకుని సిఫార్సు చేస్తాను. ఆ ఓపిక లేనివాళ్లు కొత్తవే కొనుక్కోవడం మంచిది.

ప్రెసిషన్ 1951లో వచ్చింది. ఇప్పుడు మనం చూసే రెండు ముక్కల పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) 1957లో చేరింది. లోపల ఉండేది ఆ పికప్, రెండు పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండేవి), ఒక కెపాసిటర్, ఆంప్ వైరు గుచ్చే ఒక జాక్, అంతే. అందుకే ఏది పాడైనా ఇట్టే దొరికిపోతుంది. నాబ్ తిప్పితే గరగరమన్నా, సౌండ్ వస్తూ పోతూ ఉన్నా చాలామంది పికప్ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. దయచేసి తొందరపడకండి, పికప్ పోవడం అరుదు. పాట్ లోపలికి కాస్త కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి పదిసార్లు తిప్పండి. జాక్‌లో ప్లగ్‌ను పట్టుకునే రేకు వదులైతే కొద్దిగా లోపలికి వంచండి. నా బేస్ విషయంలో ఎక్కువసార్లు కథ అక్కడితోనే ముగిసింది.

నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి చెక్క భాగం) దగ్గరే అసలు ఓపిక కావాలి. పాత మోడళ్లలో నెక్ వంపును సరిచేసే ట్రస్ రాడ్ అనే లోపలి కడ్డీ నట్టు బాడీ వైపు దాగి ఉంటుంది, తీగలు వదులు చేసి నెక్ విప్పితే గానీ అందదు. లావు తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర, నెక్ బాడీని కలిసేచోట నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు చూస్తాను. పావు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటే చాలు. నట్టును ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పను. చెక్క మర్నాటికి ఇంకొంచెం కదులుతుంది మరి.

ఆంప్ దగ్గర మాత్రం ఈ చొరవ పనికిరాదు. ప్లగ్ పీకేసినా లోపలి కరెంటును నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు, ప్రాణాలు తీస్తుంది. డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూసుకోవడం తెలియకపోతే చాసిస్ (ఆంప్ లోపలి లోహపు పెట్టె) తెరవొద్దు. ఎర్త్ లేని పాత రెండు పిన్నుల వైరు ఉంటే వాయించకముందే మార్పించండి. స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

వాల్యూమ్ సున్నాలో పెట్టినా హమ్ (ఎడతెగని గుయ్‌మనే మోత) వదలకపోతే మొదట అనుమానించాల్సింది ఎండిపోయిన ఆ ఫిల్టర్ కెపాసిటర్లనే. నా ఆంప్‌కు టెక్నీషియన్ చేత అవి మార్పించాక హమ్ తగ్గడమే కాదు, కింది స్వరాలు బిగువుగా పలకడం మొదలైంది. ఆ తేడా వినగానే ప్రాణం లేచొచ్చింది. ట్యూబులు మాత్రం చెడితేనే మార్చాలి. పెన్సిల్‌తో మెల్లగా తడితే స్పీకర్‌లో గట్టిగా టింగుమనే ప్రీఆంప్ ట్యూబ్ (సంకేతాన్ని మొదట పెంచే చిన్న ట్యూబ్) ఒక్కటి మారిస్తే సరిపోతుంది, సెట్టంతా అక్కర్లేదు.

పెద్ద ఆంప్ మీద మోజు ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. 1969 నాటి 300 వాట్ల ఆంపెగ్ ఎస్‌వీటీలో 14 ట్యూబులుంటాయి. వాటి ఖర్చు, ఆ బరువు రెండూ మీరే మోయాలి. మొదటిసారి కొనేవాళ్లు నాలాగా చిన్నదే తీసుకోండి.