రిచ్‌గా నడిచే ఇంజిన్, నిలవని ఐడిలింగ్: పార్టులు మార్చాలా, స్కానర్ పెట్టాలా, ప్లగ్గులు విప్పాలా?

సిగ్నల్ దగ్గర ఆగితే కారు వణుకుతుంది, ఆర్పీఎమ్ ముల్లు 600కీ 1100కీ మధ్య ఊగుతుంది, సైలెన్సర్ వెనక నిలబడితే కళ్లు మండేంత పెట్రోల్ వాసన, మైలేజీ సంగతి ఇక అడగొద్దు. ఇంజిన్ రిచ్‌గా నడుస్తోందని, అంటే గాలికి మించి పెట్రోల్ తాగేస్తోందని అనుమానించడానికి ఇవి చాలు. ఎందుకు తాగుతోందన్న దగ్గరే డబ్బులు పోతాయి. కొందరు ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతారు, కొందరు స్కానర్ కొంటారు, పాత మేస్త్రీలు ప్లగ్గులు విప్పి చూస్తారు, ఇవేవీ వద్దనుకునేవాళ్లు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వదిలేసి వస్తారు. నా లెక్కలో ముందు స్కానర్, వెంటనే ప్లగ్ పానా, ఈ రెండూ అయ్యాకే మిగతావి. ఇది ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ కార్ల సంగతి, డీజిల్ లెక్క వేరు.

పార్టులు మార్చే పద్ధతి మన షెడ్లలో దాదాపు ఒకే వరసలో నడుస్తుంది. ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) క్లీనింగ్, చివరికి "ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్". ఫిల్టర్ మూసుకుపోతే మిక్చర్ రిచ్ అవుతుందన్నది కార్బురేటర్ రోజుల మాట. ఇంజెక్షన్ బండిలో లోపలికి ఎంత గాలి వచ్చిందో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కొలుచుకుని దానికి తగ్గట్టే పెట్రోల్ ఇస్తుంది కాబట్టి, ఫిల్టర్ మరీ మట్టికొట్టుకుపోతే పికప్ తగ్గుతుందేమో గానీ ఐడిలింగ్‌లో పెట్రోల్ వాసన రాదు. థ్రాటిల్ క్లీనింగ్ దండగ కాదు, నల్లగా పేరుకున్న కార్బన్ పోతే ఊగే ఐడిలింగ్ చాలాసార్లు కుదురుకుంటుంది, అయితే రిచ్‌నెస్‌కి దాంతో సంబంధం తక్కువ. ఇక ఆక్సిజన్ సెన్సర్, అంటే పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో ఈసీయూకి చెప్పేది. వేలల్లో పోయే ఆ పార్టుని స్కానర్ చూపిన లోపం కోడ్ చూసి మార్చేయడం జ్వరం వచ్చిందని థర్మామీటర్ మార్చడం లాంటిదే. పి0172 కోడ్ చెప్పేది మిక్చర్ మరీ రిచ్‌గా ఉందని మాత్రమే, సెన్సర్ పాడైందని కాదు.

మన దగ్గర బీఎస్-4 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం) కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటే కారు తన లోపాల్ని తానే కనిపెట్టి కోడ్‌గా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి. స్టీరింగ్ కింద ఉండే ఆ సాకెట్‌లో బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ తెరిస్తే కోడ్‌తో పాటు లైవ్ డేటా కూడా కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఆ స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, మరీ చవకవి కొన్ని కనెక్ట్ కాక విసిగిస్తాయి. కోడ్ చదివి పక్కన పెట్టేస్తే దాన్ని కొన్నందుకు ఉపయోగం లేదు. చూడాల్సింది ఫ్యూయెల్ ట్రిమ్. ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి అన్న లెక్క నిలబెట్టడానికి ఈసీయూ ఎంత పెట్రోల్ తగ్గిస్తోందో, ఎంత పెంచుతోందో శాతాల్లో చెప్పే అంకె అది. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (ఈసీయూ నేర్చుకుని గుర్తుపెట్టుకున్నది) రెండూ కలిపి సున్నాకి అటూ ఇటూ ఐదు శాతంలో ఉంటే మంచిది, పది దాటితే ఎక్కడో తేడా ఉన్నట్టే, మైనస్ ఇరవై పాతిక దగ్గరకొస్తే సాధారణంగా చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది.

ప్లస్సా మైనస్సా అన్నదే ఇక్కడ అసలు ఆధారం. మైనస్ ఉందంటే పెట్రోల్ నిజంగానే ఎక్కువ వస్తోంది, ఈసీయూ దాన్ని కోస్తోంది. వాసన ఘాటుగా ఉన్నా ట్రిమ్ ప్లస్‌లో ఉందనుకోండి, అప్పుడు ఈసీయూ మోసపోతోంది. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ లీకై బయటి గాలి చొరబడినా, ఒక సిలిండర్ మిస్ కొట్టి కాలని గాలి అలాగే బయటికి వచ్చినా, సెన్సర్‌కి ఆక్సిజనే కనిపిస్తుంది, పెట్రోల్ చాలట్లేదనుకుని ఈసీయూ ఇంకా పోస్తుంది. ఇంజెక్టర్లు (పెట్రోల్ చిమ్మే నాజిళ్లు) క్లీన్ చేయించినంత మాత్రాన అది తగ్గదు, చూడాల్సింది ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్గు, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్. ఎంత అనుభవం ఉన్న మేస్త్రీ అయినా ముక్కుతో ఈ తేడా పట్టలేడు.

ఆ తర్వాత మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది) అంకె. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే అది బయటి గాలి ఒత్తిడినే చూపించాలి, విశాఖలో 100 కిలోపాస్కల్స్ దగ్గర, ఎత్తు మీదున్న హైదరాబాద్‌లో 95 దగ్గర. ఇంజిన్ వేడెక్కాక ఏసీ ఆపి ఐడిలింగ్‌లో చూస్తే మామూలుగా 40 లోపుకి దిగాలి. 50 చూపిస్తోందంటే గాలి ఎక్కువ వస్తోందని నమ్మి ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. తప్పు సెన్సర్‌దే అని వెంటనే అనుకోవద్దు, దాని రబ్బరు పైపు పగిలినా, టైమింగ్ ఒక పన్ను జారినా, వాల్వ్ క్లియరెన్స్ బిగుతైనా ఇదే కనిపిస్తుంది.

కూలెంట్ టెంపరేచర్ కూడా వదలొద్దు. మైనస్ 40 చూపిస్తే వైరో సెన్సరో తెగినట్టే. మా బావమరిది కారు హైవే మీద ఎంతసేపు నడిపినా 60 డిగ్రీలు దాటలేదు. విప్పి చూస్తే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) లేదు, వేసవిలో వేడెక్కకుండా ఉంటుందని ఎవరో షెడ్డులో పీకేశారట! ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ రోజంతా పొద్దున్నే స్టార్ట్ చేసినట్టే పెట్రోల్ పోస్తోంది. ఈ పీకేయడం మన దగ్గర ఎంత మామూలంటే, పాత కారు కొన్నవాళ్లు ముందు అది ఉందో లేదో చూసుకోవాలి.

స్కానర్ చెప్పలేనిది ఏ సిలిండర్ అన్నది. నాలుగు సిలిండర్లకీ కలిపి ముందు ఉండే ఆక్సిజన్ సెన్సర్ ఒక్కటే కాబట్టి, ఒక ఇంజెక్టర్ కారుతుంటే ఈసీయూ నాలుగింటికీ పెట్రోల్ కోస్తుంది. ప్లగ్గులు విప్పి వరసగా పెడితే ఒకటి మసితో నల్లగా తడిగా, మిగతా మూడూ తెల్లబారి ఉంటాయి. ఈ కథ ప్లగ్గులే చెప్పాలి. ఒక చిట్కా, హైవే మీద లాగించి వచ్చాక విప్పితే మసి కాలిపోయి ఏమీ తెలియదు. కాసేపు ఐడిలింగ్‌లో ఉంచి, ఆపి, చల్లారాక విప్పాలి. వేడి మీదున్న అల్యూమినియం హెడ్‌లో ప్లగ్ తిప్పితే మరలు ఊడొస్తాయి.

ట్రిమ్ ఐడిలింగ్‌లో మైనస్, 2500 ఆర్పీఎమ్‌లో దాదాపు సున్నా వస్తోందంటే నా అనుమానం కారే ఇంజెక్టర్ మీదకీ పర్జ్ వాల్వ్ మీదకీ పోతుంది. ట్యాంక్ ఆవిరిని ఇంజిన్‌కి పంపే ఆ పర్జ్ పైపుని ఇంజిన్ నడుస్తుండగా వేళ్లతో నొక్కి పట్టండి, ట్రిమ్ సున్నా వైపు వస్తే దొంగ దొరికినట్టే. రెండు చోట్లా మైనస్సే ఉంటే ఫ్యూయెల్ ప్రెషర్ కొలిపించాలి. అలాగే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, ఆయిల్‌లో పెట్రోల్ దిగి ఉంటే అసలు రిపేరు అయ్యాక కూడా ఆ ఆవిర్లు పీసీవీ పైపు (ఇంజిన్ అడుగున చేరే ఆవిర్లని మళ్లీ లోపలికి పంపేది) గుండా లోపలికే వస్తుంటాయి, ఆయిల్ మార్చేదాకా ట్రిమ్ దారికి రాదు.

పొల్యూషన్ టెస్ట్‌తో తేల్చుకోవచ్చా అని అడుగుతుంటారు. బీఎస్-4 నుంచి పెట్రోల్ కార్లకి ఐడిలింగ్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం లోపు ఉండాలి, పైపు సరిగ్గా పెట్టి కొలిస్తే అది పనికొచ్చే అంకే. కాకపోతే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే భాగం) దాటి వచ్చిన పొగ కాబట్టి కొంత దాచేస్తుంది.

సర్వీస్ సెంటర్‌కి వారంటీ ఉంటే కళ్లు మూసుకుని వెళ్లండి. వారంటీ దాటితే ఫ్యూయెల్ ప్రెషర్, థ్రాటిల్ రీలెర్నింగ్ (థ్రాటిల్ స్థానాన్ని ఈసీయూకి మళ్లీ నేర్పడం) లాంటి పనులకి మాత్రం వెళ్లి, ట్రిమ్ అంకెల ఫోటో తీసుకెళ్లి చూపించండి. "రఫ్‌గా ఉంది, చూడండి" అంటే మళ్లీ ప్లగ్గులూ క్లీనింగూ నుంచే బిల్లు మొదలవుతుంది.

బయట బిగించిన సీఎన్‌జీ కిట్ ఉంటే వీటన్నిటికంటే ముందు ఒక పని చేయండి. కిట్ ట్యూనింగ్ తేడాగా ఉంటే గ్యాస్ మీద నడిచినప్పుడు ఈసీయూ నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్ పెట్రోల్‌కి మారాక కూడా అలాగే పట్టుకుని ఉంటుంది. కొన్నాళ్లు పెట్రోల్ మీదే నడిపి చూడండి, అంకె సున్నా వైపు వస్తే కిట్ బిగించినవాడి దగ్గరికే వెళ్లాలి, ఇంజెక్టర్ల జోలికి పోనక్కర్లేదు.