వెడల్పు మానిటర్‌కు లినక్స్‌లో ఏది మేలు: హెచ్‌డీఎంఐనా, డిస్‌ప్లేపోర్టా?

వెడల్పు మానిటర్ కొనుక్కుంటే, విండోస్‌కు బదులు వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో పనిచేస్తుందా అని ఈ మధ్య నన్ను అడిగినవారు పదిమందికి తక్కువ ఉండరు. శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చి, నా బల్ల మీది 34 అంగుళాల తెరను చూసి అడిగినవారే వారిలో ఎక్కువ. పనిచేస్తుందని ఒక్క ముక్కలో చెప్పి పంపించడానికి నాకు మనసొప్పదు. ఎందుకంటే ఇదే మానిటర్, ఇదే కంప్యూటర్, ఇదే లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) మొదటి వారమంతా నన్ను ఇబ్బంది పెట్టి, కేబుల్ మార్చిన నిమిషం నుంచి ఏ లోటూ లేకుండా నడుస్తున్నాయి. కాబట్టి మానిటర్ ఏ కంపెనీది, లినక్స్ ఏ రకానిది అన్న చర్చ కంటే ముందు, ఆ రెంటినీ ఏ పోర్టు ద్వారా కలుపుతున్నారన్నది తేల్చుకోవాలని నా అభిప్రాయం.

1997లో కథకులు కాళీపట్నం రామారావు గారు తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం స్థాపించిన ఊరు మాది. ఆ గాలి సోకినందువల్లనేమో, పాత పత్రికల్లోని కథలను స్కాన్ పుట చూస్తూ యూనికోడ్‌లో ఎక్కించడం నాకు చాలాకాలంగా అలవాటు. ఎడమవైపు స్కాన్ పుట, కుడివైపు నేను ఎక్కిస్తున్న పుట, రెండూ నిండు సైజులో పక్కపక్కన కనబడితే వత్తులూ గుణింతాలూ సరిచూడడానికి మెడ తిప్పే పని ఉండదు. ఆ అవసరం కోసమే విశాఖపట్నం వెళ్లి 3440 బై 1440 పిక్సెళ్ల మానిటర్ తెచ్చుకున్నాను. కంప్యూటర్ మాత్రం పాతదే, ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. వెనకాల తెరకు చిత్రం పంపే పోర్టులు రెండు రకాలవి ఉన్నాయి, ఒక హెచ్‌డీఎంఐ పోర్టూ ఒక డిస్‌ప్లేపోర్టూ. మొదటిదానికి కేబుల్ ఇంట్లోనే ఉంది కనుక అదే తగిలించాను.

తెర వెలిగింది గానీ అక్షరాలు పక్కలకు సాగిపోయి ఉన్నాయి. 'అంబరం' అని టైపు చేస్తే అందులోని సున్నలు రెండూ అడ్డంగా పడుకోబెట్టిన కోడిగుడ్లలా కనబడ్డాయి. పక్కనే నిలబడ్డ మా మేనల్లుడు, "ఏటి మావయ్యా, అక్షరాలన్నీ ఇలాగ లావైపోనాయేటి?" అన్నాడు. కంప్యూటర్ 1920 బై 1080 చిత్రాన్నే పంపుతుంటే, మానిటర్ దాన్ని తన వెడల్పంతా నింపేలా సాగదీస్తోంది. అలా సాగదీసినప్పుడు ప్రతి అక్షరమూ ఉండవలసిన దాని కంటే మూడో వంతుకు పైగా వెడల్పవుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ తేడా అంత తొందరగా పట్టుబడదు. మనది గుండ్రని లిపి కావడం వల్ల ఒక్క సున్న చూస్తే చాలు, తెలిసిపోతుంది. కొత్త మానిటర్ తగిలించిన వెంటనే నేను ఇప్పటికీ చేయించే మొదటి పరీక్ష ఇదే.

డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే 3440 బై 1440 ఉంది, కానీ దాని ఎదురుగా 30 హెర్ట్జ్ (అంటే సెకనుకు 30 సార్లు తెరను నింపడం) ఒక్కటే ఉంది. ఎంచుకోగానే సున్నలు గుండ్రంగా అయ్యాయి గానీ మౌస్ బాణం గెంతుకుంటూ నడిచింది, పుట పైకి జరుపుతుంటే అక్షరాలు మసకబారి అలుక్కుపోయాయి. గంటసేపు పనిచేసేసరికి కళ్లు లాగాయి. ఇది డ్రైవర్ (గ్రాఫిక్స్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) లోపమనీ, విండోస్ వేస్తే పోతుందనీ తెలిసినవారు చెప్పారు. నేనూ రెండు రోజులు అదే నమ్మాను. తప్పు లినక్స్‌ది కాదని కాగితం మీద లెక్క వేసుకున్నాక గానీ నాకు అర్థం కాలేదు, ఆ లెక్కే ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైనది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

3440ని 1440తో హెచ్చిస్తే సుమారు 49.5 లక్షల పిక్సెళ్లు. మామూలు తెరల్లా సెకనుకు 60 సార్లు తెరను నింపాలంటే 29.7 కోట్ల పిక్సెళ్లు పంపాలి. దీనికి తోడు, కంటికి కనబడని అంచు ఒకటి ఉంటుంది. గాజు గొట్టాల తెరల కాలంలో, ఒక వరుస పూర్తిచేసిన కిరణం వెనక్కి తిరిగి రావడానికి ఇచ్చిన వ్యవధి అది. ఈనాటి తెరల కోసం దాన్ని బాగా తగ్గించారు గానీ పూర్తిగా తీసేయలేదు. అది కూడా కలిపితే మొత్తం సెకనుకు 32 కోట్లకు కొద్దిగా తక్కువ వస్తుంది. ఇక కంప్యూటర్ వైపు చూస్తే, ఇంటెల్ నాలుగో తరం నుంచి పదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల దాకా వాటి సొంత గ్రాఫిక్స్ హెచ్‌డీఎంఐ ద్వారా సెకనుకు 30 కోట్లకు మించి పంపలేవు (బోర్డు తయారుచేసినవారు విడిగా మరో చిప్ అమర్చిన సందర్భాలు వేరు). మూడో తరంలో ఆ హద్దు 22.5 కోట్లే. కనబడే పిక్సెళ్లు 29.7 కోట్లు, అవి హద్దులోపే ఉన్నాయి. అంచు కలిసేసరికి హద్దు దాటిపోయాయి. వెంట్రుకవాసిలో తప్పిపోయిందన్నమాట. మానిటర్ తనకు ఏయే రిజల్యూషన్లు చేతనవునో 'ఈడీఐడీ' అనే చిన్న పట్టికలో రాసి కంప్యూటర్‌కు అందిస్తుంది. లినక్స్ కెర్నెల్ (లినక్స్‌కు మూలమైన భాగం) ఆ పట్టిక చదివి, పోర్టు మోయలేనివాటిని కొట్టివేసి, మిగిలినవి మాత్రమే మనకు చూపిస్తుంది. నా తెర మీద 60 కనబడకపోవడానికి కారణం అది. విండోస్ వేసినా ఆ పోర్టు మోయగల బరువు పెరగదు.

అదే కంప్యూటర్‌లోని డిస్‌ప్లేపోర్టు 1.2 తరానికి చెందినది. దాని సామర్థ్యం సెకనుకు 72 కోట్ల పిక్సెళ్లు. నాకు కావలసిన 32 కోట్లు అందులో సగం కూడా కాదు. ఒకే పెట్టెలో, రెండు అంగుళాల దూరంలో ఉన్న రెండు పోర్టుల మధ్య ఇంత తేడా ఉందని కొనేటప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

హెచ్‌డీఎంఐతోనే సర్దుకోవలసిన వారికి దారి లేకపోలేదు. లినక్స్‌లో తెర మీద బొమ్మ చూపించే పాత వ్యవస్థ పేరు ఎక్స్‌ఆర్గ్. దాని మీద నడిచే సెషన్‌లో 'ఎక్స్‌ర్యాండర్' ఆజ్ఞతో కొత్త మోడ్‌ను, అంటే రిజల్యూషన్, హెర్ట్జ్‌ల జతను, మనమే రాసి చేర్చవచ్చు. 60కి బదులు 55 హెర్ట్జ్‌కు లెక్క కడితే 29.3 కోట్లు వస్తుంది, అది హద్దులోపే. అయితే మోడ్ అంకెలు ఇచ్చే 'సీవీటీ' ఆజ్ఞ, అంచు తగ్గించిన మోడ్‌ను 60కి గాని దాని గుణిజాలకు గాని తప్ప ఇవ్వదు, కాబట్టి 55కు చేత్తో కట్టుకోవాలి. పైగా అలా చేర్చినది లాగౌట్ అయితే పోతుంది, ప్రతిసారీ లాగిన్‌లో నడిచేలా ఏర్పాటు చేసుకోవాలి. మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్ మామూలుగా ఎక్స్‌ఆర్గ్ మీదే నడుస్తుంది కనుక నాకు ఈ వీలు దొరికింది. ఎక్స్‌ఆర్గ్ స్థానంలోకి వస్తున్న వేలాండ్ సెషన్‌లో ఎక్స్‌ర్యాండర్‌తో మోడ్లు మార్చడం కుదరదు, 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు (మరో రకం లినక్స్) 25.10 నుంచి అక్కడ గ్నోమ్ డెస్క్‌టాప్‌కు ఎక్స్‌ఆర్గ్ సెషనే లేదు. ముందుముందు మూసుకుపోయే దారి ఇది. మూడు రోజులు ఇలా నడిపి చూశాను, పని జరిగింది గాని మనసుకు నిలకడ లేదు.

డిస్‌ప్లేపోర్టు కేబుల్ కోసం మా ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల దుకాణాల్లో అడిగితే, అడిగిన ప్రతిచోటా హెచ్‌డీఎంఐ కేబుళ్లే చూపించారు. చివరికి ఒకచోట ఒక కొస హెచ్‌డీఎంఐ, మరో కొస డిస్‌ప్లేపోర్టు ఉన్న కేబుల్ ఇచ్చి, ఎటు పెట్టినా పనిచేస్తుందని చెప్పారు. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. మామూలుగా దొరికే ఆ కేబుల్ ఒక్క దిశలోనే పనిచేస్తుంది: డిస్‌ప్లేపోర్టు కొస కంప్యూటర్‌కు, హెచ్‌డీఎంఐ కొస మానిటర్‌కు ఉండాలి. కంప్యూటర్‌లో హెచ్‌డీఎంఐ మాత్రమే ఉండి మానిటర్ డిస్‌ప్లేపోర్టుకు కలపాలంటే, లోపల సంకేతాన్ని మార్చే చిప్ ఉన్న వేరే రకం పరికరం కావాలి, దానికి విడిగా కరెంటు కూడా ఇవ్వాలి. అంత చేసినా హెచ్‌డీఎంఐ వైపున్న 30 కోట్ల హద్దు ఎక్కడికీ పోదు. నేను ఆ కేబుల్ వాపసు ఇచ్చి, రెండు కొసలా డిస్‌ప్లేపోర్టే ఉన్నది విశాఖ నుంచి తెప్పించుకున్నాను. తగిలించి కంప్యూటర్ ఆన్ చేస్తే, సెట్టింగుల్లో నేను చేయి పెట్టకుండానే 3440 బై 1440, 60 హెర్ట్జ్ వచ్చి కూర్చుంది. చేత్తో రాసుకున్న మోడ్‌ను అదే రోజు తీసేశాను.

అలాగని హెచ్‌డీఎంఐ ఎందుకూ పనికిరాదని నేను అనను. 29 అంగుళాల వెడల్పు మానిటర్లలో మామూలుగా ఉండే 2560 బై 1080 రిజల్యూషన్‌కు 60 హెర్ట్జ్ వద్ద 18 కోట్ల చిల్లర చాలు, కాబట్టి నేను పైన చెప్పిన పాత ఇంటెల్ యంత్రాలు కూడా దాన్ని సులువుగా మోస్తాయి. హెచ్‌డీఎంఐ 2.0 ఉన్న కొత్త కంప్యూటర్లలో హద్దు 60 కోట్లు, అక్కడ 34 అంగుళాల తెరకు కూడా 60 హెర్ట్జ్ దగ్గర చిక్కు లేదు. ఒక్కటి మాత్రం చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ టీవీల కోసం పుట్టినది, అందువల్ల కంప్యూటర్ కొన్నిసార్లు మానిటర్‌ను టీవీ అనుకుని రంగులను 0 నుంచి 255 వరకు కాకుండా 16 నుంచి 235 వరకే పంపుతుంది. నలుపు బూడిద రంగుకు దిగి, తెల్ల కాగితం మీద అక్షరం వెలిసిన సిరాతో రాసినట్టు కనబడుతుంది. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో దీన్ని సరిచేయడానికి డిస్‌ప్లే సెట్టింగుల్లోనే వీలుంది. ఎక్స్‌ఆర్గ్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌కైతే ఎక్స్‌ర్యాండర్‌తోనే 'బ్రాడ్‌కాస్ట్ ఆర్‌జీబీ' అన్నదాన్ని 'ఫుల్'గా మార్చాలి.

ఎక్కువ రీఫ్రెష్ రేటు (ఎక్కువ హెర్ట్జ్) మానిటర్ కొనేవారికి, ముఖ్యంగా ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి మాత్రం నా మాట సూటిగానే ఉంటుంది: డిస్‌ప్లేపోర్టే వాడండి. 3440 బై 1440ని 144 హెర్ట్జ్‌తో నడపాలంటే కనబడే పిక్సెళ్లే 71 కోట్లు దాటుతాయి, హెచ్‌డీఎంఐ 2.0 హద్దు 60 కోట్లు. హెచ్‌డీఎంఐ 2.1 అయితే చాలును, కానీ ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో దాన్ని అమలు చేస్తామని ఏఎమ్‌డీ ఇచ్చిన ప్రతిపాదనను, హెచ్‌డీఎంఐ ప్రమాణాలు నిర్ణయించే హెచ్‌డీఎంఐ ఫోరమ్ తిరస్కరించిందని 2024 ఫిబ్రవరిలో బయటపడింది. యంత్రానికి చేతనైన పనిని, సోర్సు అందరికీ కనబడుతుందన్న కారణంతో చేయనివ్వకపోవడం నన్ను బాధించింది. మనం ఓపెన్ సోర్స్ ఎంచుకున్నది దేనికో గుర్తున్నవారు, కేబుల్ ఎంచుకునేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలని కోరుకుంటాను. డిస్‌ప్లేపోర్టు 1.4లో హద్దు 108 కోట్లు, ఏఎమ్‌డీ ఓపెన్ డ్రైవర్ దాన్ని చక్కగా వాడుకుంటుంది.

టైప్-సీ పోర్టు ద్వారా చిత్రం పంపే ల్యాప్‌టాప్‌లలో లోపల నడిచేది డిస్‌ప్లేపోర్టే కాబట్టి దానికి వేరే వివరణ అక్కరలేదు. టైప్-సీకి తగిలించే చౌక హబ్బుల్లోని హెచ్‌డీఎంఐ మాత్రం ఎంత మోస్తుందో చూసి కొనండి. మామూలు యూఎస్‌బీ ద్వారా చిత్రం పంపే డాకులకు (ల్యాప్‌టాప్‌కు తగిలించే పోర్టుల పెట్టెలకు) కెర్నెల్‌లో లేని డ్రైవర్ విడిగా వేసుకోవాలి, కెర్నెల్ మారినప్పుడల్లా దానితో తంటా, నేను సిఫారసు చేయను. పాతకాలపు వీజీఏ పోర్టు సంగతి ఈ తెరల దగ్గర ఎత్తనక్కరలేదు.

డిస్‌ప్లేపోర్టుకూ ఒక ఇబ్బంది ఉంది, దాచడం న్యాయం కాదు. మానిటర్ స్విచ్ ఆపితే కొన్ని మోడళ్లు కంప్యూటర్‌తో సంబంధం పూర్తిగా తెంచుకుంటాయి, తెరే లేదనుకుని డెస్క్‌టాప్ విండోలన్నిటినీ ఒక మూలకు చేరుస్తుంది. స్కాన్ పుట ఎడమకు, టైపు పుట కుడికి సర్దుకుని అన్నానికి లేచి వచ్చేసరికి రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. నా మానిటర్ మెనూలో 'డీప్ స్లీప్' అని ఒక అంశం ఉంది. దాన్ని ఆపేశాక విండోలు పెట్టినచోటే ఉంటున్నాయి.