రావులపాలెం వైపు అడితిలో కొన్న న్యూజిలాండ్ పైన్ చెక్క: వానాకాలం గడిచాక నా మాట

అల్మరాలకి, రెండు లోపలి తలుపులకి, ఒక మంచానికి పైన్ చెక్క కొన్నాం. రావులపాలెం వైపు కాలవ గట్టు మీద ఉన్న అడితిలో, టేకు రేటులో సగం కూడా పడలేదు. వానలు వెళ్లేదాకా ఆగి రాస్తున్నాను, ఎందుకంటే కోనసీమలో ఏ కర్ర సంగతైనా ముసురు పడితేనే తేలుతుంది. తలుపులు ఒక్కటీ బిగుసుకోలేదు.

లోపలి పనికి ఇది మంచి చెక్కే. కాకపోతే పలక పలకా చూసి ఏరుకోవాలి, ఏరుకోనిచ్చే చోటే కొనాలి. ఇక్కడి గుమాస్తా విసుక్కోకుండా కట్టలు విప్పి చూపించాడు, ఒకటి తనే పక్కన పెట్టి "ఇది వద్దండి, చెట్టు నడిమధ్య కర్రండి, మెలి తిరిగిపోద్దండి" అన్నాడు. నిజమే, రేడియేటా అనే ఈ పైన్ రకంలో మొదటి పదేళ్లలో పెరిగిన లోపలి భాగం బలహీనం, నార కూడా మెలికలుగా ఉంటుంది. పలక చివర వలయాల మధ్య చుక్క కనబడిందంటే వదిలేయండి.

ముడుల దగ్గరే అసలు విషయం ఉంది, అక్కడ అడవిని ఎలా పెంచారో ఇక్కడ పలక మీద కనిపిస్తుంది. ఈ చెట్టుది న్యూజిలాండ్ కాదు. కాలిఫోర్నియా తీరంలో కొద్దిచోట్ల, మెక్సికోకి చెందిన రెండు దీవుల్లో సహజంగా పెరిగేది, 19వ శతాబ్దంలో తీసుకెళ్లారు, ఇప్పుడు న్యూజిలాండ్‌లో నాటిన అడవుల్లో దాదాపు 90 శాతం ఇదే. మనం సరుగుడుని నాలుగైదేళ్లకి కొట్టి పేపరు మిల్లుకి తోలేస్తాం, వాళ్లు దీన్ని 25 నుంచి 30 ఏళ్లు ఉంచుతారు. మంచి పలక కావాలనుకున్న తోటలో చెట్టు చిన్నగా ఉండగానే కింది కొమ్మల్ని విడతలుగా సుమారు 6 మీటర్ల ఎత్తు దాకా కోసేస్తారు, గిడసబారినవి తీసేసి మిగిలినవాటికి ఎడం ఇస్తారు. కొమ్మ కోసిన చోటు మూసుకుపోయాక పైన పట్టే కర్రకి ముడి ఉండదు. కొమ్మలు కోయని తోటలోంచి వచ్చిందైతే ముడులే ముడులు. అందులోనూ నల్లటి అంచు కట్టిన ముడి ఎండుకొమ్మది, చిత్రిక పడుతుంటే ఊడి కింద పడుతుంది. చుట్టూ కర్రలో కలిసిపోయిన ముడైతే ఫరవాలేదు. తలుపులకి ముడుల్లేనివి ఎక్కువ రేటు పెట్టి, అల్మరా వెనక్కి ముడులవి తక్కువకి తీసుకున్నాం.

చెదల మాటకొస్తే, మందు పట్టించని పైన్‌కి చేవ టేకుకున్న శక్తి లేదు. ద్వారబంధాలకి, వాన తగిలే చోటికి అసలు వాడకండి. మందు బాగా పీల్చుకునే చెక్క కాబట్టి పట్టించినవి దొరుకుతాయి, కొన్ని ఆకుపచ్చ ఛాయలో ఉంటాయి, వాటిలో ఆర్సెనిక్ అనే విషం ఉండొచ్చు. ఆ ముక్కల్ని నీళ్ల పొయ్యిలో పెట్టొద్దని ఇంట్లో పెద్దవాళ్లకి గట్టిగా చెప్పండి.

చౌకగా వస్తోంది కదా అని న్యూజిలాండ్ వాళ్ల బాధ చూడకుండా ఉండలేం. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుఫానుకి, చెట్లు నరికిన కొండల మీద వదిలేసిన దుంగలు, కొమ్మలు వరదలో కొట్టుకొచ్చి వంతెనల్ని, పొలాల్ని పాడుచేశాయి. గోదావరి వరద చూసినవాళ్లకి ఆ నష్టం గురించి విడమరచి చెప్పక్కర్లేదు. కాంటోర్టా లాంటి పైన్ రకాల విత్తనాలు గాలికి కిలోమీటర్ల దూరం ఎగిరి గడ్డి కొండల్ని ఆక్రమిస్తుంటే, 2016 నుంచి దేశమంతా ఒక కార్యక్రమం పెట్టి పీకిస్తున్నారు. బయటి చెట్టు నాటడం తప్పని నేననను, మన సరుగుడూ బయటిదే. నాటినవాడే విత్తనం, చెత్త బాధ్యత కూడా మొయ్యాలి, ఆ ఖర్చు ధరలో కలిసినా నేను ఇస్తాను. అందుకే ఎఫ్‌ఎస్‌సీ ముద్ర, అంటే అడవిని బాధ్యతగా పెంచారని ఇచ్చే గుర్తు, ఉన్న లాటు అడిగి తీసుకున్నాను, మీరూ అడగండి, అడిగేవాళ్లుంటేనే తెప్పిస్తారు.

అడితి మీద నా ఫిర్యాదు ఒకటే. బిల్లులో "పైన్" అని మాత్రమే రాసిచ్చారు, మందు పట్టించిందో లేదో, ఏ మందో రాయలేదు. అడిగితే రెండోసారి రాసిచ్చారు. తేమ మీటరు అక్కడే ఉంది, పెట్టి చూపించమనండి, 12 శాతం దాటితే తీసుకోవద్దు. ఇంటికి తెచ్చాక మేస్త్రి తొందరపెట్టినా కొన్ని రోజులు నీడలో, పలకల మధ్య రీపర్లు పెట్టి ఉంచాకే కోయించండి.