కేబుల్ చివర నా కంప్యూటర్: బయటి ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ మింట్, ఏడు నెలల అనుభవం

మా ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్, అది మా అబ్బాయిది. వాడు ఇంజనీరింగ్ మూడో ఏడు. ప్రాజెక్టులు, ఆన్‌లైన్ పరీక్షలు అన్నీ దాని విండోస్ 11లోనే. రాత్రి తొమ్మిదిన్నరకి అది నా చేతికొస్తుంది. నేను పదహారేళ్లు డీటీపీ చేశాను. ఇప్పుడు రోజూ రెండు గంటలు తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పేజీలు దిద్దుతాను.

నా వేళ్లకు పట్టింది డీటీపీలో వాడే ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్. విండోస్‌తో వచ్చేవి ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్. వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు గానీ, వాడి పరీక్షల మధ్యలో వాడి సిస్టమ్‌లో నేనేదో మార్చడం నాకిష్టం లేదు. విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్, మింట్ దాంట్లో ఒక రకం. దాంట్లో ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే ఆపిల్ లేఅవుట్ దొరుకుతుంది. ల్యాప్‌టాప్ లోపలి డిస్క్‌ని ముట్టుకోకుండా బయటి డిస్క్ మీద లినక్స్ నడుపుకోమని మా తమ్ముడు సలహా ఇచ్చాడు.

మొదట ఇంట్లో పడున్న 1 టీబీ హార్డ్‌డిస్క్ వాడాను. పాడైన ల్యాప్‌టాప్‌లోంచి తీసింది. సిస్టమ్ లేవడానికి రెండున్నర నిమిషాలు, బ్రౌజర్ తెరుచుకోవడానికి ఇంకో అర నిమిషం. ఆ కాసేపూ డిస్క్ గరగరమంటూనే ఉండేది. సినిమాలు, ఫొటోలు దాచుకోవడానికి అలాంటి డిస్క్ సరిపోతుంది, ఎందుకంటే పెద్ద ఫైలును వరసగా చదువుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అలా కాదు, వేల చిన్న ఫైళ్లను ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంది. ప్రతిదానికీ లోపలి ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. మూడు వారాలు ఓపిక పట్టి మానేశాను.

తర్వాత సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో దాచుకునే డిస్క్), దాన్ని పెట్టుకోవడానికి యూఎస్‌బీ 3 కేసింగ్ కొన్నాను. రెండూ కలిపి 2,100 రూపాయలు. అదే ల్యాప్‌టాప్, అదే మింట్ 22, ఇప్పుడు ముప్పై సెకన్లలోపే లేస్తోంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు, తేడా అంతా అక్కడే. ఒక్క జాగ్రత్త: సరైన పోర్టులో గుచ్చండి. యూఎస్‌బీ 2 పోర్టు సెకనుకు 480 మెగాబిట్లే మోయగలదు, యూఎస్‌బీ 3 అయితే 5 గిగాబిట్లు. లోపల నీలం రంగున్న పోర్టు సాధారణంగా యూఎస్‌బీ 3.

అసలు టెన్షన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే. సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్‌ని బయటి డిస్క్‌లోనే పెట్టమని చెప్పినా, కొన్ని ఇన్‌స్టాలర్లు దాన్ని లోపలి డిస్క్‌లో బూట్‌లోడర్ల కోసం ఉండే భాగంలో, అంటే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో రాసేస్తాయి. అలా జరిగితే బయటి డిస్క్ పీకిన రోజు ల్యాప్‌టాప్ నల్లటి స్క్రీన్ చూపించి ఆగిపోవచ్చు, ఈ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి తీసుకెళ్తే లేవకపోవచ్చు కూడా. తమ్ముడు ముందే హెచ్చరించాడు. వాడు ఫోన్‌లో చెబుతుంటే, డిస్క్ భాగాలను మార్చే జీపార్టెడ్ తెరిచి లోపలి ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కున్న బూట్, ఈఎస్‌పీ గుర్తులు తాత్కాలికంగా తీసేశాను. బయటి డిస్క్‌లో అలాంటి పార్టిషనే కొత్తగా చేసి, ఇన్‌స్టాల్ అయ్యాక పాత గుర్తులు తిరిగి పెట్టాను. చదవడానికి రెండు మాటలే గానీ ఆ రాత్రి నా చేతులు చల్లబడ్డాయి. లోపలి డిస్క్‌ని బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల్లో) ఆపే వీలుంటే అది ఇంకా నిశ్చింత. ఇవన్నీ మొదలుపెట్టకముందే విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూసి, దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. బయాస్‌లో ఏం మారినా అది అడగొచ్చు.

మొదటి వారంలోనే అబ్బాయి గాభరాగా వచ్చాడు. ఉదయం తొమ్మిదికి విండోస్ తెరిస్తే గడియారం మూడున్నర చూపిస్తోంది. తప్పు ఎవరిదీ కాదు. మదర్‌బోర్డు గడియారాన్ని లినక్స్ అంతర్జాతీయ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయంగా చదువుతుంది. మనకూ దానికీ ఐదున్నర గంటల తేడా కదా, సరిగ్గా అంతే వెనకబడింది. టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో లినక్స్‌కి స్థానిక సమయమే వాడమని చెప్పాను, మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

ఇక నా పని సంగతి. టెసెరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌కి తెలుగు డేటా కలిపితే స్కాన్ చేసిన పేజీని అక్షరాలుగా మార్చి ఇస్తుంది. పాత అచ్చులో ప, ష, వ కలిపేస్తుంది, వత్తులు వదిలేస్తుంది. అయినా పేజీ మొత్తం కొట్టడం కంటే దిద్దడం చాలా తేలిక. దిద్దాక వికీసోర్స్‌లో ఎర్రగా ఉన్న పేజీ పసుపు అవుతుంది, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. పడుకునే ముందు ఆ పసుపు రంగు చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. విండోస్‌కి లినక్స్ పార్టిషన్ కనిపించదు కాబట్టి, ఇద్దరికీ పనికొచ్చేలా 60 జీబీని రెండు సిస్టమ్‌లూ చదవగల ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో విడిగా ఉంచాను. స్కాన్‌లన్నీ అక్కడే.

దసరాకి హనుమకొండలో తమ్ముడింటికి డిస్క్ ఒక్కటే పట్టుకెళ్లాను. వాడి డెస్క్‌టాప్‌కి గుచ్చి, బూట్ మెనూలో దాన్ని ఎంచుకుంటే నా వాల్‌పేపర్, నా కీబోర్డు, ముందు రోజు సగం దిద్ది ఆపిన ఫైలు అన్నీ అలాగే వచ్చాయి. మరదలు కూడా వచ్చి చూసి, “వదినా, మీ కంప్యూటర్ మీతోనే వచ్చిందే!” అంది. అక్కడ వైఫై మాత్రం పట్టలేదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి నెట్ తెచ్చుకున్నాను.

నాకు నిజంగా నచ్చనిది కేబుల్. పని మధ్యలో అది కొంచెం కదిలితే చాలు, సిస్టమ్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. రెండుసార్లు అలా జరిగి ఒకసారి పేజీన్నర పోయింది. కేసింగ్‌తో వచ్చిన వదులు కేబుల్ పక్కన పెట్టి, గట్టిగా పట్టే పొట్టిది 180 రూపాయలకు కొన్నాను. ల్యాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుని పనిచేసేవాళ్లకు ఈ పద్ధతి వద్దనే చెబుతాను. బల్ల మీద కుదురుగా కూర్చునేవాళ్లు, సొంత కంప్యూటర్ లేనివాళ్లు తప్పక ప్రయత్నించండి.

ఆ పాత హార్డ్‌డిస్క్‌ని పారేయలేదు. ఆదివారం సాయంత్రం దాన్ని రెండో పోర్టుకి తగిలించి, ఆ వారం స్కాన్‌లు, దిద్దిన ఫైళ్లు దానిలోకి కాపీ చేసుకుంటున్నాను.