జీతమా, సొంత పనా: ఏది మేలు?

ఉద్యోగం మానేసి సొంతంగా పని పెట్టుకోవాలా, లేక నెలనెలా జీతం వచ్చే చోటే కొనసాగాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు చాలామంది ముందుగా రెండు ఆదాయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. లెక్క దారి తప్పేది అక్కడే. ఎంత వస్తుందన్న దానికంటే, వస్తుందో రాదో తెలియని బరువును ఎవరు మోస్తారన్నదే ఈ రెండింటి మధ్య అసలు తేడా. రిచర్డ్ కాంటిలన్ రాసి, ఆయన మరణానంతరం 1755లో అచ్చయిన ఆర్థికశాస్త్ర గ్రంథం ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పింది. పాలకులనూ భూస్వాములనూ పక్కనపెడితే మిగిలిన జనమంతా రెండు రకాలేనని ఆయన అన్నాడు: నిర్ణీతమైన వేతనం అందేవారు ఒకరు, ఎంత చేతికొస్తుందో ముందుగా తెలియనివారు మరొకరు. రైతు, వర్తకుడు, దర్జీ, వైద్యుడు, న్యాయవాది అందరూ రెండో వర్గంలోకే వస్తారు.

ముందు ఆదాయం సంగతే చూద్దాం. అమెరికా సమాచారం ఆధారంగా బార్టన్ హామిల్టన్ 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పదేళ్లు సొంత వ్యాపారంలో ఉన్నవారి మధ్యస్థ ఆదాయం (అందరినీ ఆదాయ క్రమంలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య ఉన్నవారిది), వారు అంతకాలం జీతానికి పనిచేసి ఉంటే వచ్చేదానికంటే 35 శాతం తక్కువ. సొంత పని చేసేవారు తమ రాబడిని తక్కువగా చూపించే అవకాశం ఉంది కనుక ఈ అంకెను కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా, సొంత పనిలో డబ్బు తప్పకుండా ఎక్కువ వస్తుందన్న నమ్మకానికి ఇది గట్టి హెచ్చరిక. మరోవైపు మథియాస్ బెంజ్, బ్రూనో ఫ్రే 2008లో 23 దేశాల సమాచారాన్ని పరిశీలించి, సొంత పని చేసేవారికి తమ పని పట్ల తృప్తి ఎక్కువగా ఉంటుందని, పనిలో ఉండే స్వేచ్ఛ, ఆసక్తి అందుకు ప్రధాన కారణాలని తేల్చారు. నా దృష్టిలో ఈ రెండు ఫలితాల మధ్య వైరుధ్యం లేదు. కొంత ఆదాయం వదులుకొని స్వేచ్ఛను కొనుక్కునేవారు నిజంగానే ఉన్నారు. ఆ వెల ఎంతో ముందే తెలుసుకొని కొనుక్కోవాలన్నదే నా పట్టుదల.

ఆ వెలను ఎలా లెక్కించాలో ఒక ఉదాహరణ చూద్దాం. వారానికి ఐదు రోజుల చొప్పున ఏడాదికి 260 పనిదినాలు ఉంటాయి. అందులో సెలవులకు, అనారోగ్యానికి 40 రోజులు తీసేస్తే 220 మిగులుతాయి. కొత్త పని వెతుక్కోవడం, అంచనాలు రాసివ్వడం, లెక్కలు చూసుకోవడం, పనిముట్లు బాగుచేయించుకోవడం వంటి వాటికి ఎవరూ డబ్బివ్వరు. వాటికి మూడో వంతు కాలం పోతుందనుకుంటే బిల్లు వేయగలిగే రోజులు సుమారు 147 మాత్రమే. అంటే పాత వార్షిక జీతంతో సమానం కావాలంటే రోజు ధరను ఆ జీతంలో 260వ వంతుగా కాక 147వ వంతుగా నిర్ణయించాలి. ఇది దాదాపు ఒకటిముప్పావు రెట్లు. బీమాకు, వృద్ధాప్యానికి యజమాని కట్టే వాటా ఉన్నచోట అదీ తోడవుతుంది. సొంత పనిలోకి కొత్తగా వచ్చినవారు ఈ లెక్క వేసుకోకుండా పాత జీతాన్ని రోజులకు పంచి ధర చెబుతారు; ఏడాది తిరిగేసరికి, ఊపిరి సలపనంత పని ఉండి కూడా చేతిలో ఏమీ మిగలని స్థితికి చేరుతారు.

తన సమయం తన చేతిలో ఉంటుందన్న మాట చాలావరకు నిజమే. ఏ పని ముందు చేయాలో, ఏది వద్దనాలో తానే తేల్చుకోగలగడం చిన్న విషయం కాదు. అయితే పనివేళలను ఎంచుకునే హక్కు వచ్చినంత మాత్రాన పనిగంటలు తగ్గవు. న్యూయార్క్ టాక్సీ డ్రైవర్లపై కొలిన్ క్యామెరర్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనంలో చాలామంది రోజుకింత అని ఒక మొత్తం మనసులో పెట్టుకొని, గిరాకీ బాగున్న రోజున త్వరగా ఇంటికి వెళ్లి, మందకొడిగా ఉన్న రోజున ఎక్కువ గంటలు తిరిగినట్లు కనిపించింది. తర్వాతి పరిశోధకులు ఈ ఫలితాన్ని ప్రశ్నించారు కానీ, సొంత పని చేసేవారు తమలో ఈ ధోరణి ఉందేమో గమనించుకోవడం మంచిది. ఉద్యోగిని కాస్త ఆగమని చెప్పే నియమాలు ఉంటాయి. సొంత పనిలో ఆ మాట మనకు మనమే చెప్పుకోవాలి. జ్వరం వచ్చిన రోజున ఈ తేడా మరింత తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా తూచి చూడవలసింది మరొకటి ఉంది: అడగడం. జీతగాడు చేసిన పనికి డబ్బు అడగనక్కర్లేదు. సొంత పని చేసేవారికి పని ముగిసిన తర్వాత మరో పని మొదలవుతుంది. బిల్లు పంపడం, గడువు దాటాక గుర్తుచేయడం, "వచ్చే వారం చూద్దాం" అన్న జవాబు విన్నాక మళ్లీ ఫోన్ చేయడం, ఆ క్లయింటే రేపు ఇంకో పని ఇవ్వవచ్చు కనుక స్వరం పెంచకుండా మాట్లాడడం. బాకీల ఆలస్యం ఎంత విస్తృతమైన సమస్య అంటే, ఐరోపా సమాఖ్య 2011లో దీనికోసమే ఒక ఆదేశం తెచ్చి, ఇరుపక్షాలూ స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప సంస్థల మధ్య చెల్లింపు గడువు 60 రోజులు దాటకూడదని పేర్కొంది. పనిలో ఆరితేరినవారు కూడా ఈ అడగడం దగ్గర ఓడిపోతారు. మొహమాటం వదలని మనిషి కొంత అడ్వాన్స్ తీసుకోకుండా పని మొదలుపెట్టకూడదని నేను గట్టిగా అంటాను. అలా అడగలేనివారికి ఉద్యోగమే మేలు, అందులో చిన్నతనమేమీ లేదు.

రాబడి అంతా ఒకే క్లయింటు నుంచి వస్తుంటే అది పేరుకే సొంత పని. ఆ క్లయింటు మాట కాదనలేం, పని ఆగిపోతే నోటీసు గడువు ఉండదు, జీతంతో కూడిన సెలవూ ఉండదు. ఉద్యోగంలోని కట్టుబాట్లు, సొంత పనిలోని అనిశ్చితి రెండూ ఒకేచోట చేరిన ఈ స్థితి మిగతా రెండింటికన్నా నాసిరకం. కనీసం ఇద్దరు ముగ్గురు నమ్మకంగా పని ఇచ్చేవారు లేకుండా ఉద్యోగం వదలవద్దని చెప్పేది ఇందుకే.

అందువల్ల చాలామందికి నేను సూచించేది మూడో దారి: ఉద్యోగంలో ఉంటూనే సొంత పనిని చిన్నగా మొదలుపెట్టి, అది నిలదొక్కుకున్నాక మారడం. జోసెఫ్ రాఫీ, జీ ఫెంగ్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా అంచెలంచెలుగా వచ్చినవారికి, ఒక్కసారిగా ఉద్యోగం వదిలి వచ్చినవారితో పోలిస్తే, వ్యాపారం నుంచి తప్పుకోవలసి వచ్చే ముప్పు దాదాపు మూడో వంతు తక్కువని తేలింది. ఈ దారిలో అలసట ఎక్కువ, ఇంటివారి సహకారం లేకపోతే సాగదు, ఉద్యోగ ఒప్పందం బయటి పనిని అనుమతిస్తుందో లేదో ముందే చదువుకోవాలి. కానీ ధర సరిపోతుందా, బాకీ వసూలు చేయగలమా, ఒంటరిగా పనిచేయడం మనకు పడుతుందా అన్న మూడు ప్రశ్నలకూ జీతం ఆగిపోకముందే జవాబు దొరుకుతుంది. ఆ జవాబులు అనుకూలంగా ఉండి, పని రాని ఆరు నెలలకు సరిపడే ఇంటి ఖర్చు విడిగా దాచి ఉంటే, అప్పుడు ఉద్యోగం వదలడాన్ని నేను తొందరపాటు అనను.