జాగ్రత్త: "స్పోకెన్ ఫ్రెంచ్" కోర్సుకి డబ్బు కట్టేముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి

ఫ్రాన్స్‌కి చదువుకో ఉద్యోగానికో బయల్దేరేవాళ్లు ఇది చదివాకే ఏ కోర్సైనా కొనండి. నేను 14,500 రూపాయలు పోసి "90 రోజుల్లో స్పోకెన్ ఫ్రెంచ్" అనే ఆన్‌లైన్ కోర్సు కొన్నాను. పేరు రాయను. లక్షణాలు చెప్తాను, మీరే పోల్చుకోండి.

ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరంలో దిగిన రెండో రోజు పొద్దున్నే బేకరీకి వెళ్లాను. దారి పొడవునా వల్లెవేసుకున్న వాక్యం అప్పజెప్పాను: "కోంబ్యాఁ కూత్ సెత్ బగెత్?" కౌంటర్లో ఆవిడకి అర్థమైంది, ధర చెప్పింది. అంతవరకూ బానే ఉంది. వెంటనే "అవెక్ ససీ?" అంది. "దీంతో..." అని అర్థమైంది, దీంతో ఏంటి? ఇంకేమైనా కావాలా అని అడుగుతోందట. నేను గుడ్లప్పగించి చూస్తుంటే "వూ వులే యూన్ పోష్?" అంది. పోష్ అంటే జేబు అని నేర్చుకున్నా కదా, ప్యాంటు జేబు తడుముకున్నాను. వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వైపు సంచీని పోష్ అంటారు. సరే, అది ప్రాంతం మాట, దానికి కోర్సుని తిట్టను. కానీ "అవెక్ ససీ" ఏ ఊళ్లో దుకాణానికెళ్లినా వినపడేదే. 90 రోజుల్లో ఒక్కసారి కూడా చెప్పలేదు.

అసలు మోసం ప్రశ్నల దగ్గరే ఉంది. ఫ్రెంచ్‌లో ప్రశ్న మూడు రకాలుగా అడగొచ్చు. క్రియని ముందుకు తెచ్చి "ఊ అబీత్ త్యూ?" ("ఎక్కడుంటావ్ నువ్వు?") అనొచ్చు, మధ్యలో "ఎస్ క" పెట్టి అడగొచ్చు, లేదా మామూలు వాక్యాన్నే గొంతు పైకి లేపి అనేయొచ్చు. స్నేహితుల మధ్య వినపడేది ఎక్కువగా మూడోదే: "తాబీత్ ఊ?" అంటే "నువ్వుండేది ఎక్కడ?" "సె క్వా?" అంటే "ఏంటది?" "త్యు ఫె క్వా?" అంటే "ఏం చేస్తున్నావ్?" తిన్నావా అనడానికి "తా మాఁజే?" చాలు. ప్రశ్న పదాన్ని ఎగరేసి ముందుకు తేనక్కర్లేదు, మన తెలుగులోలాగే దాని చోట్లో అది ఉంటుంది. మనవాళ్లకి ఇంతకంటే తేలికైంది ఏముంటుంది చెప్పండి! నా కోర్సు మాత్రం మొదటి రకం ఒక్కటే 60 పాఠాలు రుద్దింది, అదీ "వూ"తో, అంటే "మీరు" అనే మర్యాద మాటతో. తోటి స్టూడెంట్‌ని అలా అడిగితే "తమరు ఈ సాయంత్రం ఏమి చేయుదురు?" అన్నట్టుంది. వాడు పాపం నవ్వాపుకుని, "త్యు" ("నువ్వు") అను చాలు అన్నాడు. ఆ మొదటి రకం కూడా పనికొచ్చేదే లెండి, ఉత్తరాల్లో, డెల్ఫ్ అనే ఫ్రెంచ్ ప్రభుత్వ భాషా పరీక్ష రాతలో. కానీ అమ్మింది "స్పోకెన్" అని కదా.

రీఫండ్ సంగతి ఇంకా ఘోరం. "7 రోజుల్లో డబ్బు వాపస్" అని పెద్దక్షరాలతో రాశారు. "నిత్య సంభాషణ" అనే భాగం మాత్రం మూడో వారంలో గానీ తెరుచుకోదు. అందులో ఏమీ లేదని మనకి తెలిసేసరికి గడువు దాటిపోయుంటుంది. చివర్లో "ఏ2 సర్టిఫికెట్" అని, అంటే కింది నుంచి రెండో స్థాయి ఫ్రెంచ్ వచ్చని, ఒక పీడీఎఫ్ ఇచ్చారు. నేను చేరిన కాలేజీలో దాన్ని పక్కన పెట్టేశారు, డెల్ఫ్ ఉందా అని అడిగారు.

కాబట్టి డెమో క్లాసులో నోరు తెరిచి ఇది అడగండి: "నా వయసు వాణ్ణి 'ఎక్కడుంటావ్' అని అడగాలంటే ఏమనాలి?" "తాబీత్ ఊ" అనో "త్యు అబీత్ ఊ" అనో రాకుండా "ఊ అబితే వూ" ("మీరెక్కడుంటారు") ఒక్కటే చెప్పి ఊరుకుంటే లేచి వచ్చేయండి. ముందే ఏదీ రాసిపెట్టుకోకుండా టీచర్‌తో ఐదు నిమిషాలు ఫ్రెంచ్‌లో ముచ్చట పెట్టనివ్వమని అడగండి. రికార్డింగులే ఉంటాయంటే అసలే వద్దు. అవే కావాలంటే టీవీ5 మోంద్ అనే ఫ్రెంచ్ టీవీ ఛానల్ సైట్లో, ఆర్‌ఎఫ్‌ఐ అనే ఫ్రెంచ్ రేడియో సైట్లో ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్ల కోసం ఉచితంగా బోలెడున్నాయి, నేనిప్పుడు వాటితోనే నెట్టుకొస్తున్నా.

ఇప్పటికే కట్టేసినవాళ్లు రశీదు, కోర్సు పేజీ, రీఫండ్ షరతులు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మా అక్కతో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయించి ఫిర్యాదు నమోదు చేయించాను. మర్నాడే నన్ను వాట్సాప్ గ్రూప్‌లోంచి తీసేశారు. డబ్బు ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.